రేపటి పద్దు

గూడూరు కాలేజీ గేటు కాడ
పదకొండేళ్లుగా పులిబొంగరాలు పోస్తుండా.
నా అరువు పుస్తకంలో రెండు పద్దులు:
తిన్నదానికి ఒకటి, అది కాగితమ్మీద.
తింటామన్నదానికి ఒకటి, అది నా చెవిలో.
ఆ రెండూ ఏ రోజూ కలవలా.

"రేపట్నుంచి ఇంటి కూడే తింటా పిన్నమ్మా"
అంటాడు మస్తాను, ఆరో బొంగరం నోట్లో ఉండగానే.
అబద్ధం కాదది. వాడి మొహం చూశా.
పొద్దున వాళ్లమ్మ కట్టిన క్యారేజీ
సంచిలో ఇంకా వెచ్చగానే ఉంటది.
మూత తీస్తే ఎండుచేపల వాసన
పక్కబెంచీ దాకా పోద్దని వాడి భయం.
ఆకలి పొట్టలోనే పుడతది గానీ
ఏం తినాలో చెప్పేది పక్కబెంచీ.

ఇది నిమ్మకాయల ఊరు.
యార్డులో మా మరిది బస్తాలు దించుతాడు.
ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కన పారబోసి పోతారు,
లారీ టైర్ల కింద ఊరంతా పుల్లటి వాసన.
ఈ పిల్లకాయలు మాత్రం
నిమ్మకాయ బొమ్మేసిన ఆకుపచ్చ సీసా తాగతారు,
నలభై రూపాయలిచ్చి,
మూత తీసిన చప్పుడు నలుగురికీ ఇనపడేట్టు.
కుండలో నిమ్మనీళ్లు పెట్టా, గ్లాసు పది.
"జొరమొచ్చినోళ్లు తాగేది గదా అది" అన్నారు.

మొన్న ఎండాకాలం, కబడ్డీ ఆడే చెంచుకృష్ణ
చెమటలు కారతా వచ్చి
ఉప్పెక్కువ ఏయించుకోని
నిలబడే మూడు గ్లాసులు ఎత్తేశాడు.
తెల్లారి పద్నాలుగు గ్లాసులు పోయినయ్.
ఆ మర్నాడు కుండే చాల్లేదు.
దాహం గొంతులో ఉంటదనుకున్నానే ఇన్నాళ్లూ,
కళ్లల్లో ఉంటదా!
పరీక్షలైపోయి వాడు ఎళ్లిపొయ్యాడు.
కుండ ఒక్కతే చెమరుస్తా కూర్చుంది.
ఇద్దరు మాత్రం ఇంకా వస్తారు.
అలవాటైపోయింది వాళ్లకి,
ఎట్టా మొదలైందో వాళ్లకే గుర్తు లేదు.

ఒకసారి తెల్లకోట్లేసుకోని ఎవురో వచ్చి
ఏది తినాలో ఏది తినకూడదో
మైకులో గంటసేపు చెప్పి పోయినారు.
పిల్లకాయలు చప్పట్లు కొట్టి
నేరుగా నా బండి మీద పడ్డారు.
తెలియక కాదబ్బా. అందరికీ అన్నీ తెలుసు.

పెంచల కిశోరు సోమవారం కండల మనిషి.
నాలుగు కోడిగుడ్లు, పచ్చసొన తీసెయ్యమంటాడు.
శుక్రవారం సాయంత్రం రైలుగేటు అవతల
తోటోళ్లు గ్లాసు చేతిలో పెడితే
వద్దనే మాట వాడికొచ్చు, పలికే చోటే లేదు.
శనివారం నా బండి కాడికి రాడు.
నేనేమన్నా అంటానని కాదు,
సోమవారం తానేమన్నాడో నాకు గుర్తుంటదని.

సువార్త వేరే.
నాలుగు తీసుకుంటది, రెండు పక్కపిల్లకిస్తది,
ఒకటి కాకికి, మిగిలింది గిల్లుతా కూర్చుంటది.
ఎవురో ఏందో అన్నారంట, ఫోటో కింద.
ఒక్క మాట.
ఆర్నెల్ల ఆకలిని తినేసింది.

నేనేం తక్కువా?
పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
రాత్రి అన్నం మానమని రాసిచ్చి రెండేళ్లు.
చీటీ దేవుడి పటం ఎనక దోపి ఉంది.
రోజూ దండం పెడతా, పటానికో చీటీకో.
రాత్రయ్యేసరికి గిన్నెలో మెతుకులు పిలుస్తయి.
రేపట్నుంచి, అనుకుంటా కంచం ముందుకు లాక్కుంటా.
మస్తాను గొంతే, అచ్చం.

నిన్న వాన పడింది. గిరాకీ లేదు.
సువార్త ఒక్కతే వచ్చి పట్ట కింద నిలబడింది.
ఆవిర్లు పోతున్న నాలుగు బొంగరాలు
గిల్లకుండా, ఏం మాట్లాడకుండా తిన్నది.
రేపు అన్లేదు.
మానేస్తాననో మొదలుపెడతాననో అన్లేదు.
ఏలికంటిన పల్లీల చట్నీ నాకి
"ఇంకొంచెం కారం ఎయ్యొచ్చుగా" అన్నది.

పుస్తకం తెరిచి ఇరవై రాశా.
అంతకంటే ఏం రాయాలో తోచలా.